వేటకు తగిన పక్షి ఏది?



ఏ చెరువులో ఏ పక్షిని వేటాడవచ్చును, ఏ పక్షిని వేటాడరాదు అన్న ప్రశ్నకు నేడు మన దేశంలో సమాధానం ఒక్క మాటలో చెప్పవచ్చును. ఏ పక్షినీ వేటాడరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో చేసిన సవరణతో, వినోదం కోసం సాగే వేటకు లైసెన్సులిచ్చే పద్ధతి అంతరించినది. ఆత్మరక్షణ, శాస్త్ర పరిశోధన మొదలైన కొన్ని సందర్భాలకు మాత్రమే మినహాయింపులు మిగిలినవి. ఇంత తేలికగా ముగిసే ప్రశ్నను పట్టుకొని ఇంతసేపు మాట్లాడవలసిన అవసరమేమని మీరు అడుగవచ్చును. తుపాకి పట్టినవానికి ఈ ప్రశ్న ముగిసిన మాట నిజమే. చెరువును బాగుచేయ బూనినవానికి మాత్రం ఇది ముగియలేదు. మాదాపూరు, ఖాజాగూడ, గచ్చిబౌలి, నల్లగండ్ల చెరువుల గట్లమీద తెలిసియో తెలియకయో ఎవరో ఒకరు ఏ పక్షి ఉండవలెనో, ఏ పక్షి పోవలెనో నిర్ణయిస్తూనే ఉన్నారు. ఆ సంగతి అర్థం కావలెనంటే ముందుగా తుపాకి కాలపు జాబితాల కథ కొంత తెలియవలెను.

బ్రిటిషు ఇండియాలో 1912లో అడవి పక్షుల, జంతువుల రక్షణకు ఒక చట్టం చేసినారు. దానికి అనుబంధంగా ఒక పట్టిక ఉన్నది. అందులో బట్టమేక పిట్ట, బాతులు, అడవికోడి, కౌజు, నెమలి, పావురాలు, పూరేడు వంటివి కలవు. ఇవి వేటగాండ్రకు ఇష్టమైన పక్షులు గనుక, పిల్లలను పెట్టే కాలంలో వీటిని చంపకుండ గడువు విధించుట ఆ చట్టం ఉద్దేశం. అనగా రేపు వేటాడుటకు మిగులవలెనని నేడు కాపాడుట. ఇందులో దాపరికమేమీ లేదు. ఆ పట్టికలోనే కొంగలు, పాలపిట్ట, లకుముకి పిట్ట కూడ కనిపిస్తవి. వీటి మాంసం మీద ఎవరికి ఆశ? ఎవరికీ లేదు. ఐరోపా స్త్రీల టోపీలమీది అలంకారానికి వీటి ఈకలు కావలసి వచ్చినవి. తెల్లకొంగకు గూడు కట్టే రోజులలోనే వీపున కుచ్చు ఈకలు వస్తవి. ఆ ఈకలకోసం తల్లిని కాల్చితే గూటిలోని పిల్లలు ఆకలితో చచ్చేవి. 1902లోనే ప్రభుత్వం అడవిపక్షుల ఈకల ఎగుమతిని నిషేధించినది. పదేండ్ల తరువాత ఆ పక్షుల పేర్లు ఈ పట్టికలో చేరినవి.

ఆ పట్టికలో మమ్ము ఆకర్షించిన మరొక వివరం ఉన్నది. ఉల్లంకి పిట్ట వేటగాండ్రకు ప్రీతిపాత్రమైనది. వరిమడుల బురదలో నుంచి వంకరటింకరగా లేచిపోయే ఆ పిట్టను కొట్టుట పెద్ద నేర్పని వారి లెక్క. అయినను 1912 పట్టికలో ఆ మామూలు ఉల్లంకి లేదు. రంగుల ఉల్లంకి మాత్రమే ఉన్నది. కారణం ఊహించుట కష్టం కాదు. మామూలు ఉల్లంకి చలికాలంలో ఉత్తరదేశాలనుంచి వచ్చి పోయేది. ఇక్కడ గుడ్లు పెట్టదు, కాబట్టి దానికి గడువు పెట్టుటలో అర్థం లేదు. రంగుల ఉల్లంకి మన బురదనేలలలోనే పుట్టి పెరిగేది. ఇందులో ఆడదే అందగత్తె. మగపక్షి మట్టిరంగున ఉండి గుడ్లు పొదుగుతుంది. పట్టిక వ్రాసినవారు ఈ రెంటి భేదం బాగా తెలిసినవారే. కాని బురదలోనుంచి రెప్పపాటులో లేచిన పిట్ట ఏ ఉల్లంకియో తుపాకి ఎత్తినవానికి తెలియవలెను గదా! జాబితా వ్రాయుట తేలిక. ఆ జాబితా ప్రకారం కాల్చుట కష్టం.

పై చట్టం బ్రిటిషు ఇండియాది. కృష్ణా, గుంటూరు, నెల్లూరు జిల్లాలకు వర్తించునుగాని నిజాం రాజ్యానికి వర్తించదు. ఇక్కడి శికారు వ్యవహారమంతా ప్రభువులది, జాగీర్దారులది. నేటి వనస్థలిపురంలోని హరిణవనస్థలి ఒకప్పుడు నిజాము వేటస్థలం. అయితే ఈ రాజ్యంలో ఏ ఏ పక్షులున్నవో తెలిసికొనుటకు ఒక పెద్ద ప్రయత్నం జరిగినది. సాలిం అలీ 1931-32లో నిజాం ప్రభుత్వ సహకారంతో హైదరాబాదు రాజ్యపు పక్షుల సర్వే చేసినారు. దాని ఫలితాలు 1933-34లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడినవి. సాలిం అలీ బాల్యంలో ఒక పిచ్చుకను కాల్చి, దాని మెడమీది పసుపుమచ్చ ఏమిటో తెలిసికొనగోరి ఆ సొసైటీ గడప తొక్కిన సంగతి చాలామందికి తెలిసినదే. ఆయన సర్వే కూడ తుపాకి లేకుండ సాగలేదు. ఆ కాలంలో పక్షిని నిశ్చయంగా గుర్తించుటకు చేతిలో చర్మం ఉండవలెను. మన పక్షిశాస్త్రానికి అక్షరాభ్యాసం చేసినది వేటగాడే అన్న మాట మనకు రుచించకపోయినా నిజం. ఒక్క పండితులే కాదు. కడప జిల్లాలో అంతరించినదనుకొన్న కలివికోడి 1986లో మళ్ళీ కనబడినదంటే, దాని జాడ పట్టియిచ్చినది పిట్టలు పట్టే ఒక స్థానికుని చేయియే.

ఇక వేటకోసమే నీటిని పాలించిన స్థలం ఒకటి చెప్పవలెను. రాజస్థానంలోని భరత్‌పూరులో మహారాజులు పల్లపునేలను కట్టలతో మడులుగా విభజించి, తూములు పెట్టి, ఏ మడిలో ఎంత నీరు నిలువవలెనో బాతుల రాకను బట్టి నిర్ణయించేవారు. 1938 నవంబరు 12న అక్కడ వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు గౌరవార్థం జరిగిన వేటలో ఒక్క రోజున 4,273 పక్షులు కూలినవి. ఆ లెక్కను రాతిపలక మీద చెక్కించి నిలిపినారు, నేటికీ చూడవచ్చును. ఆ రోజు ఏ పక్షి వేటకు తగును, ఏది తగదు అని ఎవరైనా నిదానించి చూచినారని మేము అనుకొనలేము. ఆకాశం నల్లబడేటంతగా లేచిన గుంపులలో ఎంపికకు తావెక్కడిది?

ఎంపిక చేయకుండ కాల్చితే ఏమవుతుందో చెప్పుటకు గులాబితల బాతు ఒక్కటి చాలును. గంగామైదానపు గడ్డినీళ్ళలో జంటలుగా తిరిగే ఈ బాతు ఏనాడూ విస్తారంగా లేదు. 1935లో బీహారులోని దర్భంగా ప్రాంతంలో కనిపించినదే నమ్మదగిన చివరి దర్శనం. వన్యప్రాణి చట్టపు మొదటి షెడ్యూలులో దాని పేరు చేరినది. చేరేనాటికి పేరు మాత్రమే ఉన్నది, పక్షి లేదు.

స్వాతంత్ర్యానంతరం 1972లో పార్లమెంటు చేసిన చట్టంలో ప్రాణులను షెడ్యూళ్ళుగా విభజించినారు. ఆ చట్టం కావలెనని తీర్మానించిన రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మొదటి షెడ్యూలులోని ప్రాణులను ముట్టరాదు. తరువాతి షెడ్యూళ్ళలోని వాటిని లైసెన్సుపై వేటాడవచ్చును. బాతులు మొదలైన నీటిపక్షులు చాలావరకు నాలుగవ షెడ్యూలులో, అనగా చిన్న వేట తరగతిలో ఉండినవి. ఐదవ షెడ్యూలు హానికర ప్రాణులది, కాకి అందులోనిది. రాత్రి వేటాడరాదు, వాహనం నుంచి కాల్చరాదు, నీళ్ళు త్రాగే చోట పొంచియుండి కొట్టరాదు అని నియమాలు పెట్టినారు. ఈ చివరి నియమానికి ఒక మినహాయింపు వ్రాసినారు: ఇసుక పావురాలకు, నీటిపక్షులకు ఇది వర్తించదని! నీటిపక్షిని నీటివద్ద గాక ఇంకెక్కడ వేటాడుతారు? వేట తెలిసినవారు కూర్చుండి వ్రాసిన చట్టమని ఈ ఒక్క మాటతో తెలుస్తుంది.

షెడ్యూళ్ళ విభజనలోని చిక్కు చూడండి. ఎగిరేటప్పుడు ఈల వేసినట్లు కూసే బాతులు మన దేశంలో రెండు రకాలు. చిన్నది మన చెరువులన్నింటిలో సాధారణం. పెద్దది అరుదు. పెద్దది మొదటి షెడ్యూలులోనిది. దానిని కొట్టుట మహానేరం. చిన్నది లైసెన్సు ఉన్నవానికి న్యాయమైన వేట. ఈ రెంటికి భేదం ఏమనగా, తోకకు పైభాగాన పెద్దదానికి మీగడరంగు పట్టీ ఉంటుంది, చిన్నదానికి అదే చోట ఇటుక ఎరుపు ఉంటుంది. తెల్లవారుజామున తుంగలో మోకాటిలోతు నీటిలో నిలిచినవానికి, తలమీదుగా గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే పక్షి తోకమీది మీగడరంగు ఏమి కనిపిస్తుంది? అన్నీ నల్లగానే కనిపిస్తవి. వలస వచ్చే చిన్న బాతులలో కొన్నింటి ఆడపక్షులు చేతిలో పెట్టి చూచినా తబ్బిబ్బు పడేటంత పోలికగా ఉంటవి. మన పల్లెలలో వీటన్నింటినీ కలిపి పరజలు అని ఒక్క పేరుతో పిలుస్తారు. అది అజ్ఞానం కాదు. దూరాన చూచినవానికి ఆ మాత్రమే నిశ్చయమని మన పెద్దల అనుభవం.

దీనికి తోడు కాలం ఒకటి. పిల్లలు పెట్టే కాలంలో వేట మానవలెనంటే అది ఏ కాలమో క్యాలెండరులో గీత గీయవలెను. శీతలదేశాలలో ఇది సులువు. వసంతం వచ్చినప్పుడు అన్ని పక్షులూ గూళ్ళు కడతవి. మన దేశంలో గూడు కట్టుట వానను బట్టి ఉంటుంది. తెలంగాణ చెరువులు నైరృతి వానలకు నిండుతవి. ఇక్కడి బాతులు, నీటికోళ్ళు ఆ వెనువెంటనే గుడ్లు పెడతవి. తిరుపతి జిల్లా నేలపట్టులో గూడబాతులు ఈశాన్య వానల తరువాత, అనగా చలికాలంలో గూళ్ళు కడతవి. చెరువు ఎండిపోతూ ఉండగా ఆ ఎండిన నేలమీదనే గులకరాళ్ళ నడుమ గుడ్లు పెట్టే తీతువు ఉండనే ఉన్నది. ఒక ఏడు వాన రెండు నెలలు ఆలస్యమైతే గీసిన గీత వృథా.

ఇతర దేశాలవారు ఈ చిక్కు ఎట్లు విప్పుకొన్నారన్నది తెలిసికొనదగినది. ఇంగ్లండులో 1954లో చేసిన చట్టం ప్రశ్నను తల్లక్రిందులు చేసినది. ఏవి రక్షింపదగినవో జాబితా వ్రాయుట మాని, అన్ని పక్షులూ రక్షితములే, వేటకు తగినవి మాత్రం ఇవి అని వ్రాసినది. పేరు మరచిపోయిన పక్షి పాత పద్ధతిలో చచ్చును, కొత్త పద్ధతిలో బ్రతుకును. అమెరికావారు 1955 నుంచి వసంతంలో విమానాలతో ఉత్తరపు జలభూములపై తిరిగి, గూళ్ళు కట్టే బాతులను జాతులవారీగా అంచనా కడుతున్నారు. ఆ లెక్కను బట్టి ఆ సంవత్సరం వేట ఎన్ని రోజులు, తలకు ఎన్ని పక్షులు, ఏ జాతి ఎన్ని అని నిర్ణయిస్తారు. వేటగాడు 1934 నుంచి బాతుల స్టాంపు కొనుక్కొనుచున్నాడు. ఆ పైకంతో ప్రభుత్వం చిత్తడినేలలు కొన్నది. సీసపు గుండ్లు చెరువు అడుగున పడి, వాటిని గులకలనుకొని మింగిన బాతులు విషమెక్కి చస్తున్నవని తెలిసి, నీటిపక్షుల వేటకు ఆ గుండ్లను 1991 నాటికి పూర్తిగా మాన్పించినారు. అదే 1991లో మనం వేటనే మాన్పించినాము.

మనది దయ, వారిది క్రౌర్యం అని ఈ రెంటిని పోల్చుట తగదని మా అభిప్రాయం. వారి పద్ధతిలో నిజాయితీ ఉన్నది. లెక్కపెట్టి ఖర్చు చేసే గృహస్థు పద్ధతి అది. మన వద్ద ఆ లెక్క లేదు. ఆసియా నీటిపక్షుల గణన మన ఉపఖండంలో 1987లో మొదలైనది. అది ఔత్సాహికులు జనవరి నెలలో చెరువు చెరువుకు తిరిగి వ్రాసే లెక్క. వచ్చిన పక్షులలో ఏవి పెరుగుచున్నవో తరుగుచున్నవో చూచుటకు ఎంతో ఉపయోగం. తలకు ఇన్ని చొప్పున చంపవచ్చునని అనుమతించుటకు మాత్రం చాలదు. ఖజానాలో ఎంత ఉన్నదో తెలియని ఇంట తాళంచెవి ఎవరి చేతికీ ఇవ్వకుండుటే మేలు. 1991 నిర్ణయం సరియైనదని మేమనుట ఈ కారణం చేతనే.

ఆ నిర్ణయంలో ఒక అన్యాయపు ఛాయ కూడ ఉన్నదని చెప్పకపోతే మాట పూర్తికాదు. తుపాకి, లైసెన్సు కలవాని వేటకు శికారని పేరు. వల, ఉచ్చు కలవాని వేటకు దొంగవేటని పేరు. కొల్లేటి గ్రామాలలో పరజలను పట్టి అమ్ముకొని బ్రతికినవారికి శికారు ఏనాడూ వినోదం కాదు. చట్టం ఇద్దరినీ ఒకేసారి నిలిపినది. శికారు చేసేవాడు టెన్నిసుకు పోయినాడు. రెండవవాడు ఎక్కడికి పోయినాడో విచారించినవారు తక్కువ.

ఇంతకు వేట అనగా ఏమి? ఈ మాటకు చట్టంలో ఉన్న అర్థం శ్రోతలు శ్రద్ధగా వినవలెను. చంపుట ఒక్కటే వేట కాదు. పట్టుట, వల పన్నుట, తరుముట వేటయే. దసరా నాడు పంజరంలో పాలపిట్టను తెచ్చి గడపలో చూపించి డబ్బులు అడిగేవాడు ఆ పిట్టను వేటాడి తెచ్చినవాడే; ఆ డబ్బు ఇచ్చే మనం ఆ వేటకు పెట్టుబడి పెట్టినవారం. పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షి. దానిని చూడవలెనంటే ఊరి వెలుపలి తీగలమీద, చెట్లమీద చూడవలెను. ఇంకొక మాట. పక్షుల విషయంలో వాటి గుడ్లను పాడుచేయుట, గుడ్లనుగాని గూళ్ళనుగాని కదల్చుట కూడ వేటగానే చట్టం నిర్వచించినది.

ఈ నిర్వచనాన్ని పట్టుకొని ఇక మన పడమటి హైదరాబాదుకు రండి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైననాడు మాదాపూరు రాళ్ళగుట్టల ఊరు. దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంనాటిది. గోలకొండ కోటకు నీరిచ్చినదని ప్రసిద్ధి. గుట్టల నడుమ దాగి ఉండుటచేత రహస్య చెరువని పేరు వచ్చినది. 2020లో దానిమీద తీగల వంతెన వచ్చి, రాత్రి రంగు దీపాలతో ఆ రహస్యం పూర్తిగా తీరినది. దుర్గం చెరువు రాతి ఒడ్డుల నడుమ లోతైనది. ఆ ప్రాంతపు మిగిలిన చెరువులు ఎక్కువగా అట్టివి కావు. పంటపొలాలకు నీరు పారించుటకు కట్టినవి. ఒక వైపు మట్టికట్ట, తూము, అలుగు. మిగిలిన వైపుల నేల మెల్లగా ఎత్తుకు పోతుంది. వర్షాకాలంలో నీరు ఎంతదూరం ఎక్కునో అంతవరకు పూర్తి నీటిమట్టం. వేసవిలో నీరు వెనుకకు తగ్గగా బయటపడే నేలను మన రైతులు శిఖం అన్నారు. ఈ శిఖమే నీటిపక్షుల అన్నపుకంచం. బెత్తెడు నీటిలో ఉల్లంకులు, పొడుగాటి ఎర్రకాళ్ళ పిట్టలు బురద తవ్వుకొని తింటవి. మూరెడు నీటిలో పరజలు తోక పైకెత్తి తల ముంచి తింటవి. నిలువులోతు నీటిలో మునిగి చేపపట్టుట నీటికాకి పని.

చెరువును సుందరంగా చేయదలచినప్పుడు ముందు జరిగేది ఏమి? ఒడ్డును తవ్వి నిటారుగా కోసి రాతితో బిగిస్తారు. దానిమీద నడకబాట వేస్తారు. పూడిక తీసి లోతు చేస్తారు. నీరు ఏడాది పొడవునా ఒకే మట్టాన నిండుగా ఉండవలెనని అలుగు ఎత్తుతారు. చూచుటకు అద్దంవలె ఉంటుంది. కాని బెత్తెడు నీరు పోయినది, మూరెడు నీరు పోయినది. ఉల్లంకి మొదట పోవును. పరజలు ఒకటి రెండేండ్లు వచ్చి, నడుమ నీటిలో పగలంతా నిద్రపోయి, తిండికి చోటులేక మరలిపోవును. నీటికాకి మిగులును. ఎవరూ తుపాకి పేల్చలేదు. షెడ్యూలులో ఏ పక్షి పేరూ మారలేదు. అయినను ఆ చెరువులో ఏ పక్షి ఉండవచ్చును, ఏది ఉండరాదు అన్న జాబితా ఒకటి తయారైనది. దానిని వ్రాసినది చెరువు నమూనా గీసిన ఇంజినీరు. ఆయనకు పక్షులపై ద్వేషమేమీ లేదు. ఆ గీతకు ఆ అర్థమున్నదని ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

గుర్రపుడెక్క సంగతి కూడ ఇటువంటిదే. మురుగునీరు చేరిన చెరువును అది రెండు మూడు నెలలలో కప్పివేస్తుంది, దానిని తీయవలసినదే. కాని దాని పక్కనే పెరిగే తుంగ, తామర, నీటిగడ్డి కూడ ఒకే యంత్రంతో ఊడ్చివేస్తే, ఆకులపై నడిచే పొడుగువేళ్ళ కోళ్ళకు, ఊదారంగు నీటికోళ్ళకు, బుడబుంగలకు గూడు పెట్టుకొనుటకు ఆధారం ఉండదు. వానకాలంలో ఆ పని చేస్తే గుడ్లతో సహా పోతవి. చట్టం ఇచ్చిన అర్థంలో దీనికి పేరు ఏమో ఇందాక విన్నారు.

అయితే ఏమీ చేయకుండ వదలివేయుట సమాధానం కాదని భరత్‌పూరే నేర్పినది. వేటలు నిలిచి, ఆ స్థలం జాతీయ ఉద్యానవనమైన తరువాత, 1982లో గేదెలను మేపుట నిషేధించినారు. మంచి ఉద్దేశంతోనే. గేదెలు లేకపోయేసరికి నీటిగడ్డి విపరీతంగా పెరిగి నీటిని కమ్మివేసినది. బాతులకు తెరపినీరు తగ్గినది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు ఏండ్ల తరబడి పరిశీలించి, గేదె కూడ ఆ చెరువు పాలనలో భాగమే అన్నారు. మన చెరువులలోనూ శిఖంలో మేసిన గేదెలు, తూము తెరచి నీరు వదిలిన నీరటికాడు, చేపలు పట్టిన గంగపుత్రులు అందరూ కలిసి ఆ బెత్తెడు నీటిని తమకు తెలియకుండానే నిలిపినారు. పొలాలు పోయి మేడలు వచ్చినచోట తూము తెరచే పని ఎవరికీ లేదు.

చట్టం సాయం ఎంతవరకు? 2017 నాటి చిత్తడినేలల నియమాలు ఆక్రమణను, మురుగు వదలుటను, దొంగవేటను నిషేధించినవి. కాని త్రాగునీటికి, సాగునీటికి మనుషులు కట్టిన జలాశయాలు ఆ నియమాల పరిధిలోకి రావు. హైదరాబాదు చుట్టూ ఉన్న చెరువులలో మనుషులు కట్టనిది ఏది? నాలుగైదు వందల ఏండ్ల పాత చెరువైనా కట్టినదే. అందుచేత వేరే దారులు వెదుకవలసి వచ్చినది. మియాపూరుకు ఆవల సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించినారు. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగర జలాశయం అదే. చలికాలంలో రాజహంసలు దిగిన చెరువది. ప్రకటన గొప్పదే. ఆ రాజహంస నిలిచేది మాత్రం లోతులేని నీటిలో. ఆ పలుచని అంచు ఇండ్ల స్థలాల ధరకు ఎదురు నిలువవలెను.

చేపలు తినే పక్షుల మాట చివరికి వదలినాము. అది మరింత చిక్కుది. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించినారు. 2002లో అది రామ్‌సార్ స్థలాల జాబితాలో చేరినది. 2006లో అభయారణ్యంలోని చేపలచెరువుల కట్టలను ప్రభుత్వమే తెగగొట్టించినది. ఆ పరిసరాలలో అప్పుచేసి చేపపిల్లలు పోసిన రైతుకు గూడబాతు అందమైన పక్షి కాదు, దొంగ. హానికర ప్రాణుల ప్రత్యేక షెడ్యూలును 2022 సవరణతో తొలగించినారు. అట్లు ప్రకటించే అధికారం కేంద్ర ప్రభుత్వం చేతిలోనే ఉన్నది. ఈ పక్షులను కూడ ఆ తరగతిలో చేర్చవలెనని ఎవరైనా అడిగితే, ఏమి బదులు చెప్పవలెను? రైతు నష్టం కల్ల అనకూడదు. చెరువు మీద తాళ్ళు, వలలు కట్టుకొనుటకు ఆయనకు సాయం కావలెను. చేపపిల్లలను కొంత పెరిగిన తరువాత వదలితే నష్టం తగ్గును. ఒక గుంపును చంపితే ఆ చెరువు తిండికి మరొక గుంపు దిగును. తుపాకి ఖర్చు మిగులును, దొంగ తగ్గడు.

మన సైబరాబాదు చెరువులకు వత్తాము. నివాసుల సంఘాలు, కంపెనీలు, నగరపాలక సంస్థ కలిసి చెరువుల పనులు చేస్తున్న కాలమిది. పని మొదలు కాకముందు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. గత జనవరిలో ఇక్కడ ఏ ఏ పక్షులను లెక్కపెట్టినారు? ఏ వైపు ఒడ్డు పల్లంగా ఉన్నది? నడకబాటను ఆ వైపు వదలి మూడు వైపులనే వేయలేమా? యంత్రాలు దింపేది ఏ నెలలో? ఈ చివరి ప్రశ్నకు సులభమైన జవాబు దొరకదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నీటికోళ్ళ గూళ్ళు. అక్టోబరు నుంచి మార్చి దాకా వలసపక్షులు. ఏప్రిల్, మే నెలలలో ఎండిన శిఖంమీద తీతువు గుడ్లు. ఖాళీ నెల అన్నది లేదు. కనుక చెరువంతా ఒక్కసారి ముట్టుకొనకుండ, ఒక ఏడు తూర్పు సగం, మరుసటి ఏడు పడమటి సగం చేయవలసి ఉంటుంది. ఎండిన నేలమీద యంత్రం దింపేముందు గుడ్లున్నచోట నాలుగు కర్రలు పాతి తాడు కట్టితే తీతువుకు నెలరోజుల గడువు దొరుకుతుంది. కాంట్రాక్టరుకు ఇది నచ్చదు. యంత్రాన్ని రెండుసార్లు తేవలసి వచ్చునంటాడు. ఆ రెండవ రాకకయ్యే కిరాయిని అంచనాలో ముందే వ్రాసికొనవలెను.